తాళం తిప్పితే కదలని బండి

“అక్టోబరు దాకా బ్రహ్మాండంగా నడిచింది. షెడ్డులో పెట్టి తలుపేశాం. ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. ముట్టుకోని బండి ఎలా చెడిపోతుందండీ?”

ఏప్రిల్ రెండోవారం వచ్చిందంటే ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతారు. నేనుండేది అమెరికాలో, ఓహాయో రాష్ట్రంలో. ఇక్కడ ఊరి చివరి ఇళ్ల చుట్టూ అరెకరం, ఎకరం ఖాళీ జాగా మామూలు. ఆ జాగా అంతా గడ్డే. మంచు కరిగి రెండు వానలు పడితే వారం తిరక్కుండా చీలమండ దాటుతుంది. పోనీలే అని వదిలేయడానికీ లేదు. గడ్డి ఇన్ని అంగుళాలు మించకూడదని చాలా ఊళ్లలో మునిసిపాలిటీ నిబంధన. మించితే నోటీసొస్తుంది. యాభై సెంట్ల గడ్డిని తోపుడు యంత్రంతో కోయాలంటే ఆదివారమంతా దానికే సరి. అందుకని కూర్చుని నడిపే బండి కొంటారు. రైడింగ్ మోవర్ అంటారు దాన్ని. మా ఇంట్లో పేరు గడ్డి బండి. చూపులకు బొమ్మ ట్రాక్టరు. ముందు ఇంజను, వెనక సీటు, పొట్ట కింద బోర్లించిన ఇనప పళ్లెం, ఆ పళ్లెం చాటున గిర్రున తిరిగే రెండో మూడో కత్తులు.

గడ్డి కోసే యంత్రం మాత్రం ఇక్కడ పుట్టింది కాదు. ఇంగ్లండులో స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీద లేచిన నూగును కత్తిరించే యంత్రాన్ని చూశాడు. నూగును కోసేది గడ్డిని కోయలేదా అనుకుని 1830లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన యంత్రం ఎప్పుడూ మొరాయించి ఉండదు. తోసేది మనిషే గనక.

మన బండి మొరాయిస్తుంది. ఓ ఏడు మా మామగారు వేసవికి మా ఇంటికొచ్చారు. తెనాలి దగ్గర పల్లెటూరు ఆయనది. కాలవలోంచి చేలోకి నీళ్లు తోడే ఆయిల్ ఇంజనుతో ముప్పయ్యేళ్లు కుస్తీపట్టిన మనిషి. షెడ్డు తలుపు తీసి నేను తాళం తిప్పాను. ఏమీ లేదు. మళ్లీ తిప్పాను. నేను రెంచీల పెట్టె తెరవబోతుంటే ఆయన అడ్డం పడ్డారు.

“ఆగండి అల్లుడుగారూ. విప్పడం ఎంతసేపు? ముందు అదేమంటుందో వినండి.”

ఈ అధ్యాయానికి ఆ మాటే పునాది.

ముందు చెవి, తర్వాత చెయ్యి

బండి లేవాలంటే ఓ వరసలో కొన్ని పనులు జరగాలి. తాళం తిప్పగానే సన్నని తీగల గుండా కొద్దిపాటి కరెంటు బయల్దేరుతుంది. అది వెళ్లి ఓ చిన్న విద్యుదయస్కాంతాన్ని మేల్కొలుపుతుంది. ఆ అయస్కాంతం లోపలి ఇనప కడ్డీని లాగి, రెండు లావుపాటి రాగి మొలల మధ్య వంతెన వేస్తుంది. మెకానిక్కులు దీన్ని సోలినాయిడ్ అంటారు. నేను దీనికి ‘దళారి మీట’ అని పేరు పెట్టుకున్నాను. తాళం దగ్గర చిన్న బేరం మాట్లాడి, బ్యాటరీ దగ్గర పెద్ద సరుకు కదిలిస్తుంది కాబట్టి. వంతెన పడగానే లావు తీగల గుండా అసలు కరెంటు ఉరుకుతుంది, స్టార్టర్ మోటారు తిరుగుతుంది, అది ఇంజనును తిప్పుతుంది. తిరిగే ఇంజను గాలినీ పెట్రోలునూ పీల్చి, నొక్కి, దానికి నిప్పు తగిలితే తనంతట తాను పరుగందుకుంటుంది.

బండి ఈ దారిలో ఎక్కడ ఆగిందో శబ్దమే చెబుతుంది. అసలేమీ వినబడలేదంటే ఆ కొద్దిపాటి కరెంటు దళారి దాకా చేరలేదని అర్థం. ఒక్కటే ‘ఠక్’ అని ఊరుకుంటే దళారి తన పని చేశాడు, పెద్ద సరుకే కదల్లేదు. బరువుగా మూలిగి సగంలో ఆగిపోతే ఇంజనును తిప్పడానికి బలం చాలడంలేదు. చకచకా తిరుగుతూనే ఉండి అంటుకోకపోతే బ్యాటరీనీ తీగలనూ నిందించకండి. లోపం పెట్రోలులోనో నిప్పులోనో ఉంది.

‘టకటకటక’ అని పళ్లు కొరికినట్టు చప్పుడొస్తే? అది నీరసించిన బ్యాటరీ. దళారిని లాగేపాటి ఓపిక దానికుంది. వంతెన పడీ పడగానే మోటారు కరెంటంతా మింగేస్తుంది, బ్యాటరీ కుంగిపోతుంది, దళారి చెయ్యి వదిలేస్తాడు. బరువు దిగేసరికి బ్యాటరీ కాస్త తేరుకుంటుంది, దళారి మళ్లీ లాగుతాడు. సెకనుకు ఇన్నిసార్లు లేచి కూలబడే మనిషి ఆయాసం మనకు టకటకగా వినిపిస్తుంది.

వినడానికి అరనిమిషం చాలు. ఆ అరనిమిషంలో బండిలో సగభాగం మీద అనుమానం తొలగిపోతుంది.

మూడు తూములు

మా బండి ఆరోజు మౌనవ్రతం పట్టింది. ఠక్కూ లేదు, టిక్కూ లేదు.

తాళానికీ దళారికీ మధ్య ఆ సన్నని తీగ తిన్నగా వెళ్లదు. ముందు ఓ ఫ్యూజు, ఆ తర్వాత కాపలా స్విచ్చులు. ఒకటి బ్రేకు పెడలు దగ్గర: పెడలు తొక్కి ఉంటేనే దారిస్తుంది. ఒకటి కత్తుల మీట దగ్గర: కత్తులు తిరగకుండా విడదీసి ఉంటేనే దారిస్తుంది. సీటు కింద ఇంకొకటి ఉంటుంది, దాని సంగతి చివర్లో వస్తుంది. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. మామగారికి కాలవ భాషలో చెప్పాను: “ఒకే బోదె మీద వరసగా తూములండీ. అన్నీ తెరిస్తేనే నీళ్లు. ఏ ఒక్కటి మూసినా చేను తడవదు.”

“మరి ఏ తూము మూసుందో చూశారా?”

చూడలేదు. వంగి చూస్తే కత్తుల మీట పైకి లాగి ఉంది. శీతాకాలమంతా మా చిన్నవాడు ఆ సీటెక్కి ట్రాక్టరాట ఆడాడు. ఆ మీటంటే ఎర్ర గుండీయే, కనబడితే లాగకుండా ఉంటాడా? ‘ఎవరూ ముట్టుకోలేదు’ అనే వాంగ్మూలాన్ని ఇంట్లో పిల్లలుంటే ఎన్నడూ నమ్మకూడదు.

ఇది చెడిపోవడం కాదు, ఒప్పుకోకపోవడం. నా లెక్కలో ఈ రెంటికీ తేడా తెలిస్తే సగం రిపేరు అయినట్టే. కత్తి కొస గంటకు 300 కిలోమీటర్లు దాటే వేగంతో తిరుగుతుంది. ఆ వేగానికి వేలూ వేపపుల్లా ఒకటే. అందుకే అమెరికాలో 1982 నుంచి, వెనక నడుస్తూ తోసే మోటారు యంత్రాలకు పిడి వదిలిన 3 సెకన్లలో కత్తి ఆగితీరాలని ప్రభుత్వ నిబంధన ఉంది. కూర్చుని నడిపే బండికి ఆ కాపలా పనిని ఈ స్విచ్చులు చేస్తాయి.

స్విచ్చే పాడైతే? పాడవుతుంది కూడా. కోసిన గడ్డి పొడి, తేమ, తుప్పు చేరి దాని నాలుక అతుక్కుపోతుంది. రెండు తీగల్ని మెలేసి ఆ స్విచ్చును దాటేస్తే బండి లేస్తుందని చెప్పే పెద్దమనుషులు వీధికొకరు ఉంటారు. ఎక్కడ తెగిందో తేల్చుకోవడానికి టెస్ట్ లాంపు పెట్టి చూడండి, అంతవరకే. తూమును శాశ్వతంగా పగలగొట్టుకుంటే వరదొచ్చినప్పుడు అడ్డేముంటుంది? కొత్త స్విచ్చు మరీ ఖరీదైందేం కాదు.

ఎర్ర గుండీని కిందికి నొక్కి, బ్రేకు తొక్కి తాళం తిప్పాను. ‘ఠక్.’ అంతే, ఒక్కటే. మామగారి మొహం వెలిగింది. “మాట్లాడిందండీ!”

ట్యాంకు నిండా నీళ్లు, కుళాయిలో చుక్క లేదు

ఇప్పుడు దళారి మీట పనిచేసింది. వంతెన పడింది. మోటారు మాత్రం కదల్లేదు. బ్యాటరీకి మీటరు పెట్టి చూస్తే 12.5 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీ అంటాం గానీ లోపల ఆరు గదులు, గదికి 2.1 వోల్టుల చొప్పున నిండు బ్యాటరీ 12.6 చూపాలి. 12 దగ్గరికి దిగిందంటే అడుగంటుతున్నట్టే. మాది దాదాపు నిండుగానే ఉంది. నాలుగైదు నెలలు చలిలో ఉండి కూడా నిండుగా ఉండటానికి కారణం మా ఆవిడ. నెలకోసారి దానికి ఛార్జరు తగిలించేది. ఇక్కడి చలిలో ఖాళీ బ్యాటరీని వదిలేస్తే నీరసమొక్కటే కాదు, ప్రాణమే పోతుంది. నిండు బ్యాటరీలో చిక్కటి ఆమ్లం మైనస్ 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీలో ఆ ఆమ్లం పల్చబడి దాదాపు నీళ్లవుతుంది. మైనస్ 10 దరిదాపుల్లోనే గడ్డకట్టి డబ్బా పగులుతుంది.

మరి నిండు బ్యాటరీ మోటారును ఎందుకు తిప్పలేదు?

డాబా మీద ట్యాంకు నిండా నీళ్లున్నాయి. కిందికి దిగే పైపులో పాచి పట్టి సూది బెజ్జమంత దారే మిగిలింది. కుళాయి కట్టి ఉన్నంతసేపూ పైపులో ఒత్తిడికి లోటుండదు. విప్పితే నూలుపోగంత ధార. వోల్టు అనేది ఆ ఒత్తిడి. ఆంపియరు అనేది ఆ ధార. మీటరు పెట్టి చూసినప్పుడు మనం కుళాయి కట్టేసి ఒత్తిడి చూస్తున్నామన్నమాట. స్టార్టర్ మోటారుకు కావలసింది ధార, వంద ఆంపియర్ల లెక్కలో. బండి దీపానికి కొద్ది ఆంపియర్లు చాలు. ‘లైటు వెలుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉంది’ అనే తీర్పు అందుకే చెల్లదు. నూలుపోగు ధారతో చెంబు నిండుతుంది, చేను తడవదు.

మీటరు ముళ్లను బ్యాటరీ మొలల మీద పెట్టి, మామగారిని తాళం తిప్పమన్నాను. ఠక్ అన్నా అంకె 12 దాటి కిందికి దిగలేదు. బ్యాటరీ కుంగలేదంటే దాని దగ్గర సరుకు తీసుకునేవాళ్లే లేరు, దారి మధ్యలో మూసుకుపోయింది. నల్లటి తీగ బిగించిన చోట చూశాను. సీసపు మొల మీద తెల్లగా, అంచుల్లో పచ్చగా, గోడకు పట్టిన ఉప్పులాంటి పొడి. బ్యాటరీ ఆవిర్లూ చెమ్మా కలిసి లోహాన్ని తింటే మిగిలే పిప్పి అది. ఓములో ఇరవయ్యో వంతు అడ్డం మీ మీటరుకు సరిగ్గా ఆననైనా ఆనదు, కానీ వంద ఆంపియర్లు దాని గుండా పోవాలంటే 5 వోల్టులు అక్కడే హారతైపోతాయి. మా మొల మీది పిప్పి అంతకు ఎన్నో రెట్లు అడ్డం.

నల్ల తీగ ముందు, ఎర్ర తీగ తర్వాత విప్పాలి. ఆ వరస తప్పకూడదు. ఎర్ర తీగ విప్పుతుండగా రెంచీ బండి ఇనుముకు తగిలితే, నల్ల తీగ ఇంకా ఉంటే, నిప్పులు రాలతాయి. ఛార్జవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుందని కూడా గుర్తుంచుకోండి. వంట సోడా కలిపిన నీళ్లు పోస్తే పిప్పి బుసబుసమని పొంగింది. కడిగి, తుడిచి, గరుకు కాయితంతో మొలను వెండిలా మెరిసేదాకా రుద్దాను. ఈసారి బిగించడంలో వరస తిరగబడుతుంది: ముందు ఎర్రది.

తాళం తిప్పితే మోటారు గిర్రున తిరిగింది.

ఈ మోటారు కథలో మా రాష్ట్రానికి చిన్న వాటా ఉంది. ఓహాయోలోని డేటన్‌లో ఛార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు, నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉన్నప్పుడు దుకాణాల గల్లాపెట్టెకు కరెంటు మోటారు బిగించాడు. గల్లాపెట్టె తెరవడానికి లిప్తపాటు బలం చాలు. లిప్తపాటే అయితే చిన్న మోటారు చేత తన శక్తికి మించిన పని చేయించవచ్చు, వేడెక్కేలోపు ఆపేస్తాం గనక. అదే కిటుకుతో ఆయన కారు ఇంజనును తిప్పే మోటారు చేశాడు. 1912 మోడల్ కాడిలాక్ కార్లతో అది రోడ్డెక్కింది. అంతకుముందు చేత్తో హ్యాండిల్ తిప్పేవాళ్లు, అది ఎదురు తన్నితే చేతులు విరగ్గొట్టుకునేవాళ్లు. ఆ కిటుకులోనే ఓ హెచ్చరిక ఉంది. తాళాన్ని అయిదారు సెకన్లకు మించి పట్టుకోకండి. మధ్యలో మోటారును చల్లారనివ్వండి. లిప్తపాటు బలశాలిని అరనిమిషం పరిగెత్తిస్తే కాలిపోతుంది.

సగంలో ఆగిన చక్రం

మూలిగి సగంలో ఆగిపోయే బండి గురించి ఇక్కడే చెప్పాలి. మా వీధి చివర ఇంకో తెలుగు కుటుంబం ఉంది. వాళ్ల బండి తాళం తిప్పితే సగం చుట్టు తిరిగి గోడకు కొట్టుకున్నట్టు ఆగేది. బ్యాటరీ మార్చారు. అదే తంతు. స్టార్టరు మార్చారు. మళ్లీ అదే. ఆ వారం మామగారు సాయంత్రం నడకకు వెళ్లి ఆ తంతు చూసొచ్చారు.

“దానికి డీకంప్రెషన్ మీట పనిచేయట్లేదు బాబూ. మా ఆయిల్ ఇంజనుకు ఆ మీట దించేసి తిప్పబోతే హ్యాండిల్ ఇట్లాగే ఆగిపోయేది.”

ఆయిల్ ఇంజను తెలిసినవాళ్లకు ఆ మీట గుర్తుండే ఉంటుంది. సిలిండరులో గాలిని నొక్కడానికి చాలా బలం కావాలి. ఆ మీట ఎత్తితే కవాటం కాస్త తెరుచుకుని గాలి బయటికిపోతుంది, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందుకున్నాక మీట దించితే డబ్‌మని అంటుకుంటుంది. గడ్డి బండిలో అలాంటి మీట కనబడదు. కానీ ఆ పని చేసే చిన్న బొడిపె ఇంజను లోపల ఉంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు అది కవాటాన్ని వెంట్రుకవాసి ఎత్తి పడుతుంది, వేగం పెరగగానే తప్పుకుంటుంది. ఆ ‘వెంట్రుకవాసి’ని అక్షరాలా తీసుకోండి. కవాటం కొసకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య సందు మిల్లీమీటరులో పదోవంతు లెక్కలో ఉండాలి. ఏళ్ల తరబడి అరిగి ఆ సందు పెరిగితే, బొడిపె ఎత్తేదంతా ఆ సందులోనే హరించుకుపోతుంది. కవాటం తెరుచుకోదు. స్టార్టరు వెళ్లి పూర్తి ఒత్తిడి గోడను గుద్దుకుంటుంది.

పైమూత విప్పి, సందు కొలిచే రేకు పెట్టి, నట్టు సరిచేశారు. ఖర్చు ఒక గాస్కెట్టు. రెండో బ్యాటరీ వాళ్ల గరాజులో ఇప్పటికీ ఉంది.

దీనికి నిప్పెక్కడిది?

మన బండి దగ్గరికి వద్దాం. చకచకా తిరుగుతోంది, అంటుకోవడం లేదు. డీజిలు ఇంజనుకు అలవాటుపడ్డ మామగారికి ఇక్కడో సందేహం వచ్చింది. డీజిలును గాలి వేడే అంటిస్తుంది, పెట్రోలుకు ఎవరో నిప్పు పెట్టాలి కదా, బ్యాటరీయేనా?

చాలా గడ్డి బండ్లలో బ్యాటరీ కాదు. ఇంజను మీద తిరిగే బరువైన చక్రం అంచున అయస్కాంతాలు పొదిగి ఉంటాయి. దాని పక్కనే, విజిటింగ్ కార్డు దూరేంత సందులో, ఓ తీగచుట్ట. అయస్కాంతం తీగచుట్ట పక్కనుంచి దూసుకుపోతే తీగలో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లోనే చూపించాడు. అలా పుట్టిన కరెంటును సరిగ్గా ఒక క్షణంలో టక్కున తెంపుతారు. గట్టిగా పారుతున్న కుళాయిని ఒక్కసారిగా కట్టేస్తే గోడలోని పైపు దడేల్‌మంటుంది, గమనించారా? పారే నీటి ఊపు ఎక్కడికీ పోలేక పైపును గుద్దుతుంది. తీగచుట్టలోనూ అదే గుద్దు. అది పక్కనున్న వేలచుట్ల సన్నతీగలో పదివేల వోల్టులు దాటే ఒత్తిడిగా లేచి, స్పార్క్ ప్లగ్గు కొసన ముప్పావు మిల్లీమీటరు సందును మెరుపులా దూకుతుంది.

తెంపితేనే నిప్పు. అంటే తెంపనివ్వకపోతే నిప్పు పుట్టదు. ఇంజనును ఆపే పద్ధతి కూడా అదే: ఆ తీగచుట్ట నుంచి వచ్చిన సన్నని తీగను బండి ఇనుముకు కలిపేస్తారు. మామూలుగా తీగలు కలిపితే దీపం వెలుగుతుంది, విడదీస్తే ఆరుతుంది. ఇక్కడ విడిగా ఉంటే బతుకు, కలిస్తే చావు. ఈ తిరకాసు తెలియక ఎంతోమంది మంచి తీగచుట్టల్ని పారేసి కొత్తవి కొన్నారు. నిజానికి జరిగింది, శీతాకాలంలో ఎలుక ఇంజను మీది వెచ్చని రేకు కింద గూడు కట్టి ఆ సన్నతీగ తొడుగును కొరికింది. బోసి తీగ ఇనుముకు తగిలింది. బండి దృష్టిలో ఎవరో ‘ఆపు’ అని నిరంతరం నొక్కిపట్టినట్టే.

ప్లగ్గు విప్పి, దాని టోపీ తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించాను. ప్లగ్గును చేత్తో పట్టుకోకూడదు, పెట్రోలు డబ్బా దరిదాపుల్లో ఉండకూడదు. మామగారు తాళం తిప్పారు. షెడ్డు నీడలో నీలంగా, ఖణీగా రవ్వ దూకింది. నిప్పుంది.

రవ్వతో పాటు ప్లగ్గు ఇంకో సాక్ష్యం చెప్పింది. అన్నిసార్లు తిప్పాక దాని మూతి పెట్రోలుతో తడిసి ఉండాలి. మాది ఎండు కట్టె. అంటే పెట్రోలు లోపలికే రావడంలేదు. తడిసి ఉండి, నిప్పు లేకపోతే తీర్పు తారుమారయ్యేది.

పాత పెట్రోలు

ట్యాంకు మూత తీసి వాసన చూశాను. పెట్రోలు వాసన కాదు, పాత వార్నీషు వాసన.

ముట్టుకోని బండి ఎలా చెడుతుందన్న మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఈ వాసనలో ఉంది. బండిని మనం ముట్టుకోకపోవచ్చు. గాలి ముట్టుకుంటూనే ఉంటుంది.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల కలగూరగంప. వాటిలో తేలికవి ముందు ఆవిరవుతాయి. చలిలో ఇంజనును అంటించేవి కూడా అవే. మూత సరిగా పెట్టని ఇంగువ డబ్బా సంగతి మీకు తెలుసు. పొడి అంతే ఉంటుంది, ఘాటు ఉండదు. ఆరు నెలల పెట్రోలూ అంతే. ట్యాంకులో మట్టం పెద్దగా తగ్గదు, తగ్గేదల్లా అంటుకునే గుణం.

మిగిలిన బరువు భాగం ఊరుకుంటుందా? గాలిలో ఆక్సిజన్‌తో కలిసి జిగురవుతుంది. పండగకి బూరెలు వేయించిన మూకుడును కడగకుండా వారం వదిలేస్తే అంచున గోధుమరంగు జిగట పేరుకుంటుంది, గోటితో గీకినా రాదు. అక్కడ నూనె, ఇక్కడ పెట్రోలు. రెండింటిలోనూ అణువులు ఆక్సిజన్ తగిలి ఒకదానికొకటి గొలుసులు కట్టుకోవడమే జరిగింది.

మూడో సంగతి ఎథనాల్. అమెరికాలో బంకుల్లో దొరికే పెట్రోలులో ఎక్కువభాగం 10 శాతం ఎథనాల్ కలిపింది. మన దేశంలో ఇప్పుడది 20 శాతానికి చేరింది. కాబట్టి నెలల తరబడి కదలని స్కూటరున్న వాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. ఎథనాల్‌కు నీటి మీద మహా ప్రీతి. వానాకాలంలో ఉప్పు డబ్బాలా గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. కొంతవరకు ఫరవాలేదు, నీరు పెట్రోలులో కలిసే ఉంటుంది. 10 శాతం ఎథనాల్ ఉన్న పెట్రోలు లీటరుకు ఓ చిన్న చెంచాడు నీటిని మోయగలదు. అది మించినా, చలి పెరిగి మోసే శక్తి తగ్గినా, నీరూ ఎథనాలూ చేతులు కలిపి పెట్రోలును వదిలేసి అడుక్కి దిగుతాయి. ఇంజనుకు పెట్రోలు అందేది అడుగు నుంచే. ట్యాంకులో పైన పెట్రోలుంటుంది, ఇంజను నోటికి మాత్రం కల్లు నీళ్లు!

ఇక కార్బురేటర్. ఇది పెట్రోలునూ గాలినీ కలిపే చోటు. దాని అడుగున ఓ చిన్న గిన్నె, గిన్నెలో తేలే బుడ్డి. ఓవర్‌హెడ్ ట్యాంకులో బంతి తేలి నీళ్లు ఆపుతుందే, అదే ఏర్పాటు. పైన ఇరుకు గొట్టంలో గాలి జోరుగా పోతుంటే, పాతకాలం ఫ్లిట్ పంపులో దోమల మందు ఎగదన్నినట్టు, గిన్నెలోని పెట్రోలు సన్నని బెజ్జం గుండా పైకి లేచి తుంపరవుతుంది. ఒక లీటరు పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి, అంటే 200 లీటర్ల డ్రమ్ములు 45. అంత గాలికి అంతే పెట్రోలు కొలిచి పొయ్యాలి గనకే ఆ బెజ్జం మిల్లీమీటరు కన్నా సన్నం. అంత సన్నని బెజ్జంలో ఆ జిగట చేరితే ఇంకేముంది?

విప్పేముందు ఓ పరీక్ష చేశాం. ఆరుబయటికి తోసి, గాలి వడపోత తీసి, ఇంజను గొంతులో ఇట్టే అంటుకునే స్టార్టింగ్ ఫ్లూయిడ్ ఒక్క చిలకరింపు చిలకరించి, వడపోత మళ్లీ బిగించి, ఎడంగా నిలబడి తాళం తిప్పాం. ఇంజను రెండు సెకన్లు గర్జించి చల్లబడింది. నిప్పుంది, ఒత్తిడుంది, గాలుంది. ఆకలితో చచ్చింది.

ట్యాంకు కుళాయి కట్టేసి గిన్నె అడుగు బోల్టు విప్పాను. గిన్నె అరచేతిలోకొచ్చింది. అడుగున టీ డికాక్షన్ రంగులో అరచెంచాడు ద్రవం, అందులో పాదరసంలా దొర్లే నీటిబొట్లు, గోడలకు పసుపుపచ్చని పొర. బెజ్జం లైటుకు పెట్టి చూస్తే చీకటి. కార్బురేటర్ కడిగే మందు కొట్టి, సన్నని రాగి తీగ పోగుతో మామగారు ఓపిగ్గా పొడిచారు. ఇనప తీగ వద్దన్నారు. ఇనుము ఇత్తడి బెజ్జాన్ని గీసి పెద్దది చేస్తే పెట్రోలు కొలత తప్పుతుందని. కాసేపటికి బెజ్జంలోంచి ఆకాశం చుక్కలా కనబడింది.

పాత పెట్రోలంతా డబ్బాలోకి దించి, పారబోయకుండా మునిసిపాలిటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పక్కన పెట్టాం. కొత్తది పోసి, చోక్ లాగాను. ఈ గొంతునొక్కు మీట గాలిని కాస్త బిగబట్టి, ఇంజను పీల్పు బలమంతా పెట్రోలు మీద పడేలా చేస్తుంది. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనక కొంచెం ఎక్కువ అందించడం. లేవగానే వదిలేయాలి. లేకపోతే ప్లగ్గు తడిసి ముద్దయి, మళ్లీ మొదటికొస్తాం.

బ్రేకు తొక్కాను. కత్తుల గుండీ కిందికే ఉంది. తాళం తిప్పాను. రెండు దగ్గులు, ఓ నల్లపొగ, తర్వాత ఏకధాటి మోత.

“నేను తోలతాను,” అన్నారు మామగారు, పంచె ఎగ్గట్టి. పంచెతో కుదరదన్నాను. మా ఆవిడ నా పాత ప్యాంటు తెచ్చిచ్చింది. ఎర్ర గుండీ పైకి లాగి, పొలం దున్నినంత శ్రద్ధగా కంచె వెంబడి మొదటి చాలు కోశారు. రెండో చాలు మధ్యలో మేపుల్ కొమ్మ ఒకటి అడ్డంగా పడి ఉంది. బండి ఆపి, తీసేద్దామని సీట్లోంచి లేచారు. కాలు నేలకు ఆనేలోపే ఇంజను పుటుక్కున చచ్చింది.

ఆయన అక్కడే నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని నావైపు చూశారు. “మళ్లీ చెడింది అల్లుడుగారూ!”

“చెడలేదండీ. కత్తులు తిరుగుతుండగా సీటు దిగారు. కింద మూడో తూముంది.”

ఆయన సీటు రేకు ఎత్తి, అడుగునున్న ఆ చిన్న స్ప్రింగు స్విచ్చును వేలితో నొక్కి వదిలారు. మళ్లీ నొక్కి వదిలారు. కొమ్మను కంచె అవతలికి గిరాటేసి వచ్చి కూర్చున్నారు. గుండీ కిందికి, కాలు బ్రేకు మీదికి, చెయ్యి తాళం మీదికి.